టార్చమ్మ మోకాలి చిప్ప

బయట ఎండ ఎంత పెటపెటలాడినా ఆ పాత సినిమా హాల్లో మాత్రం ఎప్పుడూ చీకటే. మ్యాట్నీకి ఆలస్యంగా వచ్చి బాల్కనీ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టినవాళ్లకు కాసేపు తమ చెయ్యి తమకే కనిపించదు. అలా గుడ్డివాళ్లలా నిలబడి తడుముకుంటూ ఉంటే చీకట్లోంచి ఒక గుండ్రటి వెలుగు వచ్చి వాళ్ల కాళ్ల ముందు ఆగేది. "నా వెనకే రండి, మెట్టు చూసుకోండి" అని మెత్తటి గొంతొకటి వినిపించేది. ఆ వెలుగూ ఆ గొంతూ టార్చమ్మవి. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉండకపోలేదు గానీ, హాజరు వేసే మేనేజరుకు తప్ప అది ఎవరికీ పనికొచ్చిన పాపాన పోలేదు.

టార్చమ్మవి దొడ్డికాళ్లు. పుట్టుకతో వచ్చినవే. రెండు పాదాలూ కలిపి నిలబడితే మోకాళ్ల మధ్యలోంచి పిల్లి దూరిపోవచ్చని చిన్నప్పుడు వాళ్లన్నయ్య ఏడిపించేవాడు. అన్నంత పనీ చేసి ఒకరోజు నిజంగానే పిల్లిని పట్టుకొచ్చాడు, ఆ పిల్లి పాపం మర్యాదగా దూరిపోయింది కూడా. బళ్లో ఆవిడను 'బ్రాకెట్లు' అనేవారు. ఆ పిల్ల అందరితో పాటు తనూ నవ్వేసేది, ఇంటికొచ్చి తలుపు వేసుకుని కుళ్లికుళ్లి ఏడ్చేది. పెద్దయ్యాక హాల్లో టార్చి పట్టుకునే పని ఉందని తెలిసినప్పుడు ఎగిరి గంతేసింది. ఎందుకంటే చీకట్లో కాళ్లు ఎవరికి కనిపిస్తాయి? ఎవరైనా టార్చి వెలుగు వంకే చూస్తారు గానీ, పట్టుకున్న మనిషి వంక చూడరు కదా.

చూసినవాడు ఒకడున్నాడు. బాల్కనీ వెనక, ఎత్తుమీద, ప్రొజెక్టరు గదిలో ఉండే ఆపరేటరు. ఆ గదిలో రెండు మిషన్లు. ఒక రీలు అయిపోవస్తుంటే తెర మూల మీద చిన్న చుక్క ఒకటి మెరుస్తుంది, కొన్ని క్షణాలకు రెండో చుక్క మెరుస్తుంది, ఆ రెండో చుక్కకు అవతలి మిషన్ మీదికి మార్చెయ్యాలి. కింద కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియకూడదు. అది మనవాడికి వెన్నతో పెట్టిన విద్య. "నా చేతిలో తెర తెల్లబడింది అన్నవాణ్ణి చూపించండి, నా పేరు మార్చుకుంటాను" అని కాలరెగరేసేవాడు. మిగతా సమయమంతా చిన్న కిటికీలోంచి కిందకి చూస్తూ కూర్చునేవాడు. బొమ్మ చూస్తున్నాడని అందరూ అనుకునేవారు. బొమ్మ కాదు, మెట్ల మీద తేలుతూ దిగే ఒక వెలుగుని చూసేవాడు.

ఆ వెలుగు కనపడగానే కిటికీ పక్కనున్న చిన్న ఎర్రబల్బు ఒకసారి వెలిగించి ఆర్పేవాడు. మొదట్లో టార్చమ్మకు అదేమిటో తెలియలేదు, వైరు లూజుగా ఉందేమో అనుకుంది. చాలా సినిమాలు వచ్చిపోయాక గానీ అది తనకేనని తెలియలేదు. తర్వాత వాళ్లిద్దరికీ పెళ్లయింది, కూతురు పుట్టింది, కూతురికీ పెళ్లయింది, ఎర్రబల్బు మాత్రం మానలేదు. హాల్లో నాలుగు వైపులా టార్చిలు తిరుగుతుండేవి, కానీ ఆయన పొరపాటున కూడా ఇంకొకరికి బల్బు వేసి ఎరగడు.

"ఎలా తెలుస్తుందండీ మీకు?" అని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో.

"తెలుస్తుందంతే. అదంతా నీకెందుకు?" అనేవాడు. టార్చమ్మ తను టార్చి పట్టుకునే తీరులోనే ఏదో గొప్పదనం ఉందనుకుని లోలోపల మురిసిపోయేది.

ఆ మెట్లే చివరికి ఆవిడ మోకాళ్లను తినేశాయి. లోపల గుజ్జంతా అరిగిపోయింది, ముఖ్యంగా కుడికాలు. పొద్దున లేచి మంచం దిగాలంటే గోడనూ కుర్చీనీ దేవుణ్ణీ ముగ్గురినీ పట్టుకోవాల్సి వచ్చేది. కూతురు వచ్చి, "అమ్మా, ఇంక నా మాట విను" అని ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. మోకాలు మార్చాలన్నాడాయన. ఆపరేటరు పెళ్లానికి ఆపరేషనట అని హాల్లో అందరూ ఒకరోజంతా నవ్వుకున్నారు.

అందరూ డాక్టరుని నొప్పి తగ్గుతుందా, నడుస్తానా అని అడుగుతారు. టార్చమ్మ కూతురు బయటికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, ఎలాగూ కోస్తున్నారు కదా, కాస్త స్కేలు పెట్టి గీసినట్టు నిట్టనిలువుగా చేసేయండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అంది.

"నిలువుగానే చేస్తామమ్మా, మామూలుగా అలాగే చేస్తాం" అన్నాడాయన.

కట్లు విప్పాక టార్చమ్మ నిలువుటద్దం ముందు నిలబడింది. కుడికాలు తిన్నగా, సినిమా పోస్టర్లలో ఉండే ఆడవాళ్ల కాలులా ఉంది. ఎడమకాలు ఎప్పటిలాగే వంగి ఉంది. సగం బ్రాకెట్టు పోయింది. ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని ఎంతసేపు చూసుకుందో. నడిచినా నొప్పి లేదు. చదునైన నేల మీద హాయిగా ఉంది. ఆ కాలిని చూసుకుంటే ఆవిడకు ఏదో కొత్త చుట్టం ఇంటికొచ్చినట్టుండేది.

తంటా అంతా మెట్ల దగ్గరే వచ్చింది. ఎక్కడానికి ఫరవాలేదు. దిగేటప్పుడు మోకాలు వంచి బరువు వెయ్యగానే చిప్ప ఉన్నచోట ఉండక బయటి పక్కకు జారి, టక్కుమని మళ్లీ వెనక్కి వచ్చేది. ఆ క్షణంలో కాలు తనది కానట్టు అయిపోయేది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని దిగేది. కొన్నాళ్లు పోతే అదే సర్దుకుంటుందిలే అనుకుంది. సర్దుకోలేదు. ఎవరితోనూ అనలేదు కూడా. అంటే కూతురు ఊరుకుంటుందా? టికెట్ల కౌంటర్లో కూర్చోపెట్టమని మేనేజరుని అప్పటికే అడిగి ఉంచింది. ట్యూబులైటు కింద, గాజు కిటికీ వెనక, చిన్న కన్నంలోంచి టికెట్లు తోస్తూ కూర్చోవాలి. ఆ ఎర్రబల్బు అక్కడికి కనపడదు. టార్చమ్మకు అది తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడేది.

ఆ రోజుల్లోనే ఆవిడకు తాబేలు కల రావడం మొదలైంది. చీకటి హాల్లో బాల్కనీ మెట్ల మీద చిన్న తాబేలు దిగుతూ ఉండేది. వీపు మీద చిప్ప తళతళలాడుతూ ఉండేది. ఆవిడ టార్చి వేసి "ఇటు, ఇటమ్మా" అని దారి చూపిస్తుంటే అది వినిపించుకోకుండా పక్కగా పోయి గోడ వెంట రాసుకుంటూ నడిచేది. తెర మీద ఏ బొమ్మా ఉండేది కాదు, ఊరికే దుమ్ము తేలుతున్న వెలుగు. తాబేలు మెట్టు అంచుకు వచ్చి పడబోతుంటే మెలకువ వచ్చేది. లేచి చూస్తే చెయ్యి మోకాలి చిప్ప మీద ఉండేది. మోకాలికి చిప్ప, తాబేలుకి చిప్ప, ఈ పేర్లు పెట్టినవాళ్లు ఏ కల గన్నారో మరి.

సెలవు అయిపోయాక టార్చమ్మ పనిలోకి వచ్చింది. ఏ రోజు వచ్చేదీ ఆపరేటరుతో చెప్పలేదు. ఆయన పైకి వెళ్లిపోయాక వెనకే బయల్దేరి వచ్చింది, ఆశ్చర్యపోతాడని. మ్యాట్నీ మొదలైంది. ఆలస్యంగా వచ్చిన జంటను వెంటబెట్టుకుని, కొత్తకాలు ముందు పెట్టి, మెట్ల పక్కనున్న చెక్క కటకటాన్ని గట్టిగా పట్టుకుని, మెట్లు దిగింది. దిగుతూ పైకి చూసింది. బల్బు వెలగలేదు. చూసి ఉండడులే, రీలు చుట్టుకుంటున్నాడేమో అనుకుంది. ఇంకోసారి దిగింది. వెలగలేదు. హాలంతా ఒక్కసారిగా చల్లబడిపోయినట్టనిపించింది.

ఇంటర్వెల్లో గేటు దగ్గరుండే ముసలాయన, అందరూ గేటు బాబాయి అంటారు, ఇకిలించుకుంటూ వచ్చి, "ఏంటమ్మాయ్, మీ ఆయన నన్నేమడిగాడో తెలుసా? బాల్కనీలో కొత్తమ్మాయిని పెట్టారా బాబాయ్, పాపం బెదురుతూ దిగుతోంది అంటాడు!" అని పడీపడీ నవ్వాడు. టార్చమ్మ కూడా నవ్వింది. బళ్లో నవ్వినట్టే నవ్వింది.

మర్నాడు ఆవిడ ఒక పని చేసింది. తన వెలుగు ఇదివరకు కాస్త ఊగుతూ పోయేదని గుర్తుంది. అందుకని మణికట్టు తిప్పుతూ వెలుగుని అటూ ఇటూ ఊపుతూ దిగింది. సగం మెట్లు దిగేసరికి ఎర్రబల్బు టక్కున వెలిగి ఆరింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచి రోజూ ఊపడమే పని. ఒక చేత్తో కటకటం, ఒక చేత్తో టార్చి, మనసంతా మోకాలి మీద. దొంగతనం చేస్తున్నట్టే ఉండేది గానీ ఏం చేస్తుంది పాపం.

ఒకరోజు ఊపుతూ కటకటం వదిలింది. చిప్ప టక్కుమంది. ఆవిడ కూలబడింది, టార్చి దొర్లుకుంటూ కింద వరసల్లోకి పోయింది. దెబ్బలేం తగల్లేదు. ఎవరో లేవదీసేలోపే పైనుంచి ఆపరేటరు పరుగెత్తుకుంటూ వచ్చేశాడు, అవతలి మిషన్ మీదికి ఎక్కించాల్సిన రీలు చంకలో పెట్టుకునే వచ్చాడు. పైన తిరుగుతున్న రీలు అప్పుడే మొదలైంది కాబట్టి సరిపోయింది. ఆవిణ్ణి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, "ఎన్నాళ్లుగా ఇలా అవుతోంది?" అన్నాడు.

"మొదట్నుంచీ."

"చెప్పొద్దూ? నీ నోట్లో నువ్వుగింజైనా నానదు కదా, ఇది మాత్రం బయటికి రాలేదా?"

"చెబితే కౌంటర్లో కూర్చోబెట్టేస్తారు కదా మీరందరూ" అని ఆవిడ ఏడుపందుకుంది. "అయినా మీకు నేనంటూ తెలిస్తే కదా. కొత్తమ్మాయి అన్నారట! ఇన్నేళ్లూ తెలుస్తుంది తెలుస్తుంది అని కోతలు కోశారు. చెయ్యి ఊపితే గానీ బల్బు వెయ్యలేదు."

ఆయన చంకలో రీలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "చెయ్యి ఊపుతున్నావని నాకు తెలుసే" అన్నాడు.

"తెలుసా?"

"చెయ్యి ఊపితే వెలుగు పక్కలకు పోతుంది. నీది అలా పోయేది కాదు. కిందకొక మునక వేసి, పైకి లేచి, మళ్లీ అవతలి వైపు మునిగేది. పడవలో లాంతరు పెట్టినట్టు ఉండేది. అది చేత్తో వచ్చేది కాదు." ఆయన తల వంచుకున్నాడు. "అది నీ కాళ్ల నుంచి వచ్చేది. పాపం కష్టపడి ఊపుతోంది కదా అని వేశాను బల్బు."

"మరి ఎన్నిసార్లడిగినా చెప్పలేదేం?"

"కాళ్ల ఊసెత్తితే నువ్వు రెండు రోజులు అన్నం మానేసేదానివి. మీ కాళ్లను చూసే ఇష్టపడ్డానని ఏ నోటితో చెప్పమంటావు?"

కంగారులో పెళ్లాన్ని 'మీ' అన్నానన్న సంగతి ఆయన చూసుకోలేదు. ఆవిడ చూసుకుంది. ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. పుట్టినప్పట్నుంచీ దాచిపెట్టుకున్నదాన్నే ఈ మనిషి చీకట్లో రోజూ చూసుకుంటూ బతికాడు. తనేమో దాన్ని డాక్టరుని బతిమాలి తీయించేసుకుంది. ఆవిడకు ఆ కాలి మీద మొదటిసారి బెంగ పుట్టింది, తన దొడ్డికాలి మీద.

ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఎక్స్‌రే చూశాడు. ఎదురుగా చూస్తే అంతా తిన్నగానే ఉంది. తర్వాత కాలిని అడ్డంగా ముక్కలు కోసినట్టు చూపించే స్కాను తీయించాడు. దాన్ని చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, దాపరికం లేకుండా చెప్పాడు.

"అమ్మా, తొడ ఎముక చివర మేం లోహపు తొడుగు తొడుగుతాం. దాని ముందు వైపు ఒక గాడి ఉంటుంది. మోకాలు వంచినప్పుడల్లా చిప్ప ఆ గాడిలో పైకీ కిందకీ జారాలి. మీ కాలు నిలువు బాగానే కుదిరింది. కానీ తొడుగు కాస్త లోపలి వైపుకి తిరిగి కూర్చుంది. గాడి లోపలికి చూస్తోంది, చిప్పను లాగే కండరం బయటికి లాగుతోంది. అందుకే చిప్ప బయటి గట్టు ఎక్కి జారుతోంది. మెట్లు దిగేటప్పుడు దాని మీద బరువెక్కువ పడుతుంది కాబట్టి అప్పుడే తెలుస్తోంది. ఇందులో మీ తప్పేం లేదు, కూర్చోబెట్టింది నేను."

"అర్థమైంది సార్" అన్నాడు ఆపరేటరు. "మా మిషన్లో ఫిల్ము జారే సందు, గేటు అంటాం, అది వంకరగా బిగిస్తే ఫిల్ము ఒక అంచుకే రాసుకుంటుంది."

"సరిగ్గా అంతే. ముందు తొడ లోపలి కండరానికి బలం వచ్చే వ్యాయామాలు చేద్దాం. కొందరికి దాంతోనే కుదుటపడుతుంది. లేదంటే తొడుగు తీసి మళ్లీ కూర్చోబెట్టాలి."

ఇక్కడొక గొడవ జరిగింది, చెప్పకుండా ఉండలేను. సెలవు అడగడానికి ఆపరేటరు మేనేజరు గదికి వెళ్లి, "మా ఆవిడ మోకాలి చిప్ప గాడి తప్పింది సార్" అన్నాడు. గది బయట టీ కప్పులు తీస్తున్న క్యాంటీన్ అతనికి మొదటి రెండు మాటలూ, చివరి మూడు మాటలూ మాత్రమే వినపడ్డాయి. మ్యాట్నీ వదిలేసరికి హాలంతా టార్చమ్మ గాడి తప్పిందని గుప్పుమంది. ఈ వయసులోనా అని ముక్కున వేలేసుకున్నారు. గేటు బాబాయి అయితే ఆపరేటరు భుజం మీద చెయ్యి వేసి, "బాధపడకురా, మనిషన్నాక ఒకటీ అరా జరుగుతుంటాయి. ఆ పిల్ల మంచిదే, నువ్వే కాస్త సర్దుకో" అని ఓదార్చాడు. ఆపరేటరు, "సర్దుకోవడమేంటి బాబాయ్, తొడుగు విప్పి మళ్లీ బిగిస్తారట" అనేసరికి ముసలాయన బిత్తరపోయి చెయ్యి తీసేశాడు.

వ్యాయామాలు శ్రద్ధగానే చేసింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, కాలు బిగబట్టి, వదిలి, గోడ మీద సున్నం పెచ్చులు చూస్తూ. కొంత బలమైతే వచ్చింది, కానీ మెట్టు దిగితే టక్కు మాత్రం పోలేదు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, చదును మీద హాయిగా నడుస్తున్నావు కదా. మళ్లీ కోయించుకోవడమెందుకే? కౌంటర్లో ఫ్యాను కింద దర్జాగా కూర్చోవచ్చు. నాకు భయంగా ఉంది."

"నాకూ భయమేనే" అంది టార్చమ్మ. "కానీ మీ నాన్నకు నేను ఆ మెట్ల మీదే కనపడతాను."

కూతురు తువ్వాలు మళ్లీ చుట్టి మోకాలి కింద పెట్టింది.

రెండో ఆపరేషనుకు ముందు ఆవిడ డాక్టరుని మళ్లీ గొంతు తగ్గించి అడిగింది. "ఈసారి స్కేలు వద్దు బాబూ. నా కాలు మొదట ఎలా ఉండేదో అలా పెట్టండి."

ఆయన నవ్వలేదు. "గాడిని మాత్రం చిప్ప నడిచే దారికి ఎదురుగా తిప్పుతాను. వంపు పూర్తిగా వెనక్కి తేలేనమ్మా, ఎక్కువ వంపుంటే లోహం ఒక పక్కే అరిగిపోతుంది. కాస్త మిగల్చగలను. ఎంతో ముందే మాటివ్వను."

"కాస్తైనా చాలు" అంది.

తాబేలు మళ్లీ కల్లోకి రాలేదు. ఎటు పోయిందో ఏమో, ఒకటి రెండుసార్లు ఆవిడే కళ్లు మూసుకుని వెతికింది.

కోలుకోవడానికి మొదటిసారి కన్నా ఎక్కువ కాలమే పట్టింది. ఆసుపత్రి మెట్ల మీద కటకటం పట్టుకుని దిగింది, తర్వాత వదిలి దిగింది. చిప్ప మాట్లాడలేదు. మోకాలు వంచితే లోపల ఏదో నూనె పూసినట్టు మెత్తగా కదిలి ఊరుకుంది. ఎడమకాలు ఎప్పటిలాగే దొడ్డిది. కుడికాలు దొడ్డిదీ కాదు, తిన్ననిదీ కాదు. ఈ రెండూ కలిసి ఎలా నడుస్తాయో, వెలుగు ఎలా పోతుందో ఆవిడకు తెలియదు. మన నడక మనకు కనపడదు కదా.

ఈసారి కూడా ఏ రోజు వస్తానో చెప్పలేదు. ఆయన అడగలేదు. కానీ ఇంటికొస్తే కళ్లు నులుముకుంటూ ఉండేవాడు, రోజంతా కిటికీకి అతుక్కుపోయినట్టు.

ఆ మధ్యాహ్నం బాల్కనీ తలుపు దగ్గర ఒక పెద్దాయన వచ్చి తడుముకుంటూ నిలబడ్డాడు. టార్చమ్మ వెలుగు తీసుకెళ్లి ఆయన పాదాల ముందు పెట్టింది. "నా వెనకే రండి, మెట్టు చూసుకోండి." టార్చిని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంది, మణికట్టు కదలకుండా. ఎలా వస్తే అలా రానీ, దొంగ ఊపు మాత్రం ఇక వద్దు. మొదటి మెట్టు దిగింది. తర్వాతది. తెర మీద నది ఏదో పారుతోంది, దాని నీలం గోడల మీదికి కూడా పాకుతోంది. వెలుగు ముందు ముందు పోతోంది. అది మునుగుతోందో లేదో ఆవిడకు తెలియడం లేదు.

పైకి చూసింది. బల్బు వెలగలేదు.

ఇంకో నాలుగు మెట్లు దిగింది. వెలగలేదు. సరేలే అనుకుంది. పెద్దాయనకు సీటు చూపించి, వెనక్కి తిరిగి ఎక్కబోతూ, అలవాటు కొద్దీ తెర మూలకు చూసింది. చుక్క మెరిసింది. మొదటి చుక్క. ఆయన ఇప్పుడు అవతలి మిషన్ దగ్గర నిలబడి ఉంటాడు. రెండో చుక్క మెరిసింది.

బొమ్మ మారలేదు. నది ఒక్కసారి ఎగిరి, ఆగి, మాయమైంది. తెర తెల్లగా అయిపోయింది.

హాలంతా గొల్లుమంది. ఈలలు, చప్పట్లు. "ఒరేయ్ ఆపరేటర్! నిద్రపోయావురా?" అని కింద తరగతిలోంచి ఎవరో అరిచారు. ఆ తెల్లటి వెలుగులో బాల్కనీ మొత్తం పట్టపగల్లా కనపడిపోయింది, మెట్ల మధ్యలో టార్చమ్మ, ఆవిడ కాళ్లు, అన్నీ. ఆవిడ చీర సర్దుకోలేదు. పైకి చూసింది. చిన్న కిటికీలో ఆయన మొహం ఉంది. రెండు చేతులతో కిటికీ చట్రం పట్టుకుని, నోరు తెరుచుకుని, ఇంకా ఆవిణ్ణే చూస్తున్నాడు. వెనక అయిపోయిన రీలు గిరగిరా తిరుగుతూ ఫిల్ము తోక టపటపా కొట్టుకుంటోంది. బల్బూ మర్చిపోయాడు, మిషనూ మర్చిపోయాడు.

ఇన్నేళ్లుగా ఆ హాల్లో గుసగుసగా తప్ప మాట్లాడని టార్చమ్మ అందరి ముందూ గొంతెత్తి, "మీ మొహం! రీలు మార్చండి!" అని అరిచింది.